కమ్యూనిటీ కాలేజీలో హెవీ ఎక్విప్‌మెంట్ కోర్సు: పానాల కంటే ముందు మీటరు

ప్రశ్న: మాది గోదావరిఖని. నాన్న సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ల మీద ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మేనత్త పెట్టిన పిటిషన్ మీద కుటుంబమంతా గ్రీన్ కార్డులతో హ్యూస్టన్ దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. నాకు 20 ఏళ్లు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో హెవీ ఎక్విప్‌మెంట్ మెయింటెనెన్స్ ఉంది. ఏడాది సర్టిఫికెట్ తీసుకోవాలా, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీనా? నా డిప్లొమా ఏమైనా అక్కరకొస్తుందా? అన్నిటికన్నా కష్టమైన సబ్జెక్టు ఏది? క్యాంపస్‌కు వచ్చే టూల్ ట్రక్కు అతను 9 వేల డాలర్ల పనిముట్ల సెట్టు వారం వాయిదాల మీద ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? బంధువులేమో "అమెరికా దాకా వచ్చి మెకానిక్ పనా" అంటున్నారు.

జవాబు: బంధువుల సంగతి మీ నాన్నగారికి వదిలేయండి. డంపరు నిలబడిపోతే షిఫ్టంతా ఎవరి కోసం ఎదురుచూస్తుందో వాళ్లకు ఆయనే చెప్పగలరు. మిగతావి చూద్దాం.

సర్టిఫికెట్టా, డిగ్రీనా అన్నది మొదటి రోజే తేల్చుకోనక్కర్లేదు. చాలా కాలేజీల్లో మొదటి ఏడాది వర్క్‌షాపు క్లాసులు రెండిటికీ ఒకటే. టెక్సాస్‌లో మొదటి స్థాయి సర్టిఫికెట్‌కు టీఎస్‌ఐ పరీక్ష (కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నారా అని చూసేది) అవసరం లేదు, డిగ్రీకి కావాలి. డిగ్రీ అంటే దాదాపు 60 క్రెడిట్లు, అందులో ఇంగ్లిష్, లెక్కల వంటి జనరల్ సబ్జెక్టులు కనీసం 15. అడ్వైజర్ దగ్గర ఒక్క మాట రాతపూర్వకంగా తీసుకోండి: సర్టిఫికెట్ క్రెడిట్లన్నీ డిగ్రీలోకి కలుస్తాయా? కలుస్తాయంటే సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి ఆగకుండా డిగ్రీ పూర్తి చేయమనే మా సలహా. ఎందుకంటే ఇంజిన్ ఎలక్ట్రానిక్స్, పైస్థాయి హైడ్రాలిక్స్, పవర్ ట్రెయిన్ డయాగ్నోస్టిక్స్ సాధారణంగా రెండో ఏడాదిలో వస్తాయి. మొదటి ఏడాదితో ఆపేసిన వాడికి షాపులో మొదట దొరికేది ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం. ఎప్పటికైనా ఇంజినీరింగ్ డిగ్రీ చేయాలన్న ఆలోచన ఉంటే ట్రేడ్ మ్యాథ్ బదులు కాలేజ్ ఆల్జీబ్రా తీసుకోండి. వర్క్‌షాపు క్రెడిట్లు యూనివర్సిటీకి బదిలీ కావడం కష్టం, ఆల్జీబ్రా మాత్రం అవుతుంది.

డీలర్లు స్పాన్సర్ చేసే ప్రోగ్రాములు ఇంకో దారి. క్యాటర్‌పిల్లర్‌కు థింక్‌బిగ్, జాన్ డీర్‌కు డీర్ టెక్ ఇలాంటివే. ఈస్ట్ పియోరియాలోని ఇల్లినాయ్ సెంట్రల్ కాలేజీ థింక్‌బిగ్‌కు పేరున్న చోటు. కొన్ని వారాలు క్లాసు, కొన్ని వారాలు డీలరు షాపులో జీతంతో పని, ఇలా మారుతూ సాగుతుంది. ముందు డీలరు మిమ్మల్ని ఎంచుకోవాలి, అందుకు డ్రైవింగ్ రికార్డు శుభ్రంగా ఉండాలి, డ్రగ్ టెస్టు గట్టెక్కాలి. నేర్చుకునేది ఎక్కువగా ఒకే బ్రాండు మీద. అది లోపమేమీ కాదు, కానీ అన్ని కంపెనీల బండ్లూ ఉండే రెంటల్ యార్డులో చేరాలనుకుంటే జనరల్ ప్రోగ్రామే మేలు.

కాలేజీని బ్రోషర్ చూసి కాక ల్యాబు చూసి అంచనా వేయండి. ముందే చెప్పి వెళ్లి ఇవి అడగండి: స్టార్టయ్యే బండ్లు ఎన్ని? ఒక్కో బండికి ఎంతమంది విద్యార్థులు? హైడ్రాలిక్ ఫ్లో మీటరు ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు తగిలించారు? ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే క్యాట్ ఈటీ, కమిన్స్ ఇన్‌సైట్ లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇంకా నడుస్తున్నాయా? డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు), డీఈఎఫ్ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రావణం) ఉన్న టియర్ 4 ఫైనల్ కాలుష్య ప్రమాణాల ఇంజిన్ ఒక్కటైనా ఉందా? ఏఈడీ (ఎక్విప్‌మెంట్ డీలర్ల సంఘం) ఫౌండేషన్ గుర్తింపు ఉంటే మంచిదే. అంతకంటే ముఖ్యం, ఇన్‌స్ట్రక్టరు కావాలని ఫాల్ట్ పెట్టి వెతకమంటాడా లేదా అన్నది. విప్పి బిగించడమొక్కటే నేర్పే కాలేజీకి రెండేళ్లు ఇవ్వడం దండగ. విప్పడం, బిగించడం జీతం తీసుకుంటూ షాపులో నేర్చుకోవచ్చు. కొలిచి తేల్చడం షాపులో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఆ తీరిక అక్కడ ఉండదు.

డిప్లొమా అక్కరకొస్తుంది. డ్రాయింగు చదవడం, పాస్కల్ సూత్రం, ఇంజిన్ సైకిళ్లు మీకు కొత్త కాదు. తడబడేది కొలతల దగ్గర, ఫిట్టింగుల దగ్గర. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, 1 గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, 1 ఫుట్-పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. ఇవి అడగ్గానే నోటికి రావాలి. హోస్ ఫిట్టింగు సైజును అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతారు, 8 అంటే అర అంగుళం. జేఐసీ, ఎస్‌ఏఈ ఫ్లేర్ అన్నవి శంకువులాంటి మూతి ఉన్న రెండు రకాల ఫిట్టింగులు. జేఐసీ మూతి కోణం 37 డిగ్రీలు, ఎస్‌ఏఈ ఫ్లేర్‌ది 45. 8 సైజులో రెండిటి త్రెడ్ ఒకటే, 3/4-16. అందుకే ఒకదానిలో ఒకటి చక్కగా బిగుసుకుంటుంది, ఒత్తిడి ఎక్కగానే కారడం మొదలుపెడుతుంది. ఇంకా బిగిస్తే ఫ్లేర్ పగులుతుంది. మన దగ్గర అలవాటైన బీఎస్‌పీ పైపు త్రెడ్‌కూ, ఇక్కడి ఎన్‌పీటీ పైపు త్రెడ్‌కూ మధ్య ఇదే పేచీ. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండిటికీ అంగుళానికి 14 త్రెడ్లే, కానీ త్రెడ్ కోణం బీఎస్‌పీకి 55, ఎన్‌పీటీకి 60. టెఫ్లాన్ టేపు చుట్టి కక్కుర్తి పడొద్దు. త్రెడ్ గేజి, కోణం గేజి కలిపి ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతాయి, జేబులో ఉంచుకోండి.

కష్టమైన సబ్జెక్టు గురించి అడిగారు. మెకానికల్ నుంచి వచ్చిన వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసేది ఎలక్ట్రికల్. కంటికి కనబడదు కాబట్టి పార్టు మార్చి చూద్దామనిపిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకోండి. 24 వోల్టుల డోజరు, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. చాలామంది నేరుగా సెల్ఫ్ మోటారు మార్చేస్తారు. పద్ధతి ఇదీ. ముందు రెండు బ్యాటరీలనూ విడివిడిగా చూడాలి. కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. బ్యాటరీలు బాగుంటే ఇంజిన్ స్టార్టవకుండా ఇంధనం ఆపి, మీటరు ఎర్ర వైరును బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (క్లాంపు మీద పెట్టకూడదు), నల్ల వైరును సెల్ఫ్ మీది పెద్ద స్టడ్డు మీద పెట్టి, పక్కవాడిని తాళం తిప్పమనాలి. తిరుగుతుండగా మీటరు చూపేదంతా ఆ దారిలో పోతున్న నష్టం. 12 వోల్టుల బండిలో అర వోల్టు, 24 వోల్టుల బండిలో ఒక వోల్టు దాటితే కేబులో, కనెక్షనో, డిస్‌కనెక్ట్ స్విచ్చో పాడైనట్టు. తర్వాత సెల్ఫ్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ పోస్టు దాకా ఇదే పరీక్ష. ఈ రెండో భాగాన్ని వదిలేసే వాళ్లే ఎక్కువ, తుప్పుపట్టిన ఎర్త్ స్ట్రాపు దొరికేదేమో అక్కడే.

ఇదే కేబులును ఓం మీటరుతో కొలిస్తే బాగున్నట్టే చూపిస్తుంది. నూరు తీగల్లో నాలుగే మిగిలినా మీటరు పంపే చిన్న కరెంటుకు ఆ నాలుగూ చాలు. అక్కడ రెసిస్టెన్సు 0.005 ఓం ఉందనుకోండి, మామూలు మీటరు దాన్ని పట్టుకోలేదు. సెల్ఫ్ 400 ఆంపియర్లు లాగేటప్పుడు మాత్రం ఆ ఒక్కచోటే 2 వోల్టులు మాయమవుతాయి. లోడు మీద కొలవాలని ఇన్‌స్ట్రక్టర్లు పదేపదే చెప్పేది ఇందుకే.

కంప్యూటర్ కోడ్ల దగ్గరా ఇదే తప్పు జరుగుతుంది. హెవీ బండ్లలో జే1939 (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే ప్రమాణం) పద్ధతిలో కోడ్ రెండు ముక్కలుగా వస్తుంది: ఎస్‌పీఎన్ ఎక్కడో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఎలాంటి లోపమో చెబుతుంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 1 ఉంటే ప్రెషర్ నిజంగానే పడిపోయిందని కంప్యూటర్ అంటోంది. వెంటనే ఇంజిన్ ఆపి, ఆయిల్ మట్టం చూసి, మెకానికల్ గేజి తగిలించి సరిచూడాలి. పక్కన 4 ఉంటే సిగ్నల్ వోల్టేజి అతి తక్కువగా ఉందని, అంటే అనుమానం వైరింగు మీద, సెన్సారు మీద. చాలా సర్క్యూట్లలో సెన్సారు ప్లగ్గు ఊడదీయగానే 4 పోయి 3 వస్తే వైరింగు బాగున్నట్టు, సెన్సారు పోయినట్టు. ఎస్‌పీఎన్ ఒక్కటి చదివి పరుగెత్తితే ఆయిల్ పంపు దించేస్తారు, ఖర్చు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేసి డయాగ్నోస్టిక్ సాకెట్‌లోని సీ, డీ పిన్నుల మధ్య ఓం కొలవండి. 60 రావాలి. 120 వస్తే చివరల్లో ఉండాల్సిన రెండు రెసిస్టర్లలో ఒకటి తెగినట్టు, 40 వస్తే ఎవరో మూడోది తగిలించినట్టు, సున్నాకు దగ్గరైతే వైర్లు ఒకదానికొకటి తగులుతున్నట్టు.

ఇక హైడ్రాలిక్స్. పంపు ఇచ్చేది ఫ్లో, ప్రెషర్ పుట్టేది అడ్డు తగిలినప్పుడు. ఇది వంటబట్టేదాకా ముందుకు పోకండి. ఆపరేటర్ "ప్రొక్లైన్‌లో (ఎక్స్‌కవేటర్‌లో) బలం లేదు" అంటే గేజి తీసేముందు నాలుగు ప్రశ్నలు వేయాలి: అన్ని పనుల్లోనా, ఒక్క బూమ్‌లోనేనా? నెమ్మదా, బలం తక్కువా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎప్పటినుంచి, దానికి ముందు ఎవరేం చేశారు? ఒక్క సిలిండరే నెమ్మదైతే దాని వాల్వు, దాని సీళ్ల వైపు చూడాలి. అన్నీ నెమ్మదైతే పంపు, సక్షన్, పైలట్ ప్రెషర్ (లివరు లాగినప్పుడు మెయిన్ వాల్వును కదిలించే చిన్న ఒత్తిడి), ఇంజిన్ ఆర్‌పీఎం. ఉదయం బాగుండి మధ్యాహ్నానికి నెమ్మదిస్తే ఆయిలు వేడికి పలచబడి లోపల్లోపలే జారిపోతోందని అర్థం, పంపు కేస్ డ్రెయిన్ ఫ్లో (పంపు లోపల జారి బయటికి వచ్చే ఆయిలు) కొలిచి తయారీదారు ఇచ్చిన హద్దుతో పోల్చండి. ఆయిల్ నురగ కడితే ఎక్కడో గాలి పీలుస్తోంది. చాలా ఎక్స్‌కవేటర్లలో పైలట్ ప్రెషర్ 35 నుంచి 40 బార్ మధ్య, మెయిన్ రిలీఫ్ (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే వాల్వు) 350 బార్ చుట్టుపక్కల ఉంటాయి. పైలట్ తక్కువైతే లివరు పూర్తిగా లాగినా వాల్వు లోపల జరిగే స్పూలు పూర్తిగా కదలదు, పంపు బాగున్నా చెడిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఖరీదైనదాన్ని అనుమానించడానికి ముందు చవకైనది కొలవడం. బలం లేదనగానే రిలీఫ్ వాల్వు స్క్రూ తిప్పే అలవాటు మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోకండి.

శుభ్రత మీద ఇన్‌స్ట్రక్టరు కోప్పడితే ఛాదస్తం అనుకోవద్దు. ఆయిల్ శుభ్రతను ఐఎస్‌ఓ 4406 ప్రకారం 18/16/13 ఇలా మూడు అంకెల్లో రాస్తారు. 4, 6, 14 మైక్రాన్లకు మించిన రేణువులు ఒక మిల్లీలీటరులో ఎన్ని ఉన్నాయో చెప్పే కోడ్ అది. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు, పంపులో పిస్టనుకూ బోరుకూ మధ్య ఖాళీ అందులో చిన్న భాగం. కొత్త డ్రమ్ములోని ఆయిలు కూడా చాలాసార్లు కావలసినంత శుభ్రంగా ఉండదు, ఫిల్టరు గుండా పంపే పోయాలి. హోస్ ఊడదీసిన మరుక్షణం రెండు చివరలకూ మూత పెట్టండి, గుడ్డ ముక్క దోపకండి, దాని దారాలే వాల్వులో ఇరుక్కుంటాయి.

భద్రత గురించి కోర్సులో చాలా చెబుతారు, మేం మూడే చెబుతాం. మొదటిది, హోస్ లీకును చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్కతో వెతకండి. సూది బెజ్జమంత రంధ్రం నుంచి వచ్చే ఆయిలు గ్లవ్‌ను, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే, నొప్పి కూడా మొదట్లో తెలియకపోవచ్చు, అయినా అది గంటల్లో ఆపరేషన్ జరగాల్సిన గాయం. ఎమర్జెన్సీలో "హై ప్రెషర్ ఇంజెక్షన్" అన్న మాట వాడండి. రెండోది, ఇంజిన్ ఆపినంత మాత్రాన ప్రెషర్ పోదు. బకెట్టు నేలమీద ఆనించి, తాళం ఆన్‌లో పెట్టి లివర్లన్నీ ఆడించి, అక్యుములేటర్ (ఒత్తిడిని నిల్వ ఉంచే సిలిండరు) ఉంటే మాన్యువల్ ప్రకారం ఖాళీ చేసి, ఎవరూ స్టార్టు చేయకుండా మీ సొంత తాళం వేసి కీ మీ జేబులో పెట్టుకోండి. మూడోది, డోజరు, ప్రొక్లైన్ నడిచే చైను వదులు చేయడానికి గ్రీజు వాల్వు తిప్పేటప్పుడు దానికి ఎదురుగా నిలబడకండి. మాన్యువల్ చెప్పినదానికి మించి, సాధారణంగా ఒక చుట్టు, తిప్పకండి. అది ఎగిరొస్తే తూటాయే. జాకీ మీదే బండిని వదిలి కిందికి దూరడం మన దగ్గర చూసే ఉంటారు. ఇక్కడ అలా చేస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు, పంపాలి కూడా.

టూల్ ట్రక్కు అప్పు వద్దు. అందులోని వడ్డీ, వారం వారం కోత, చదువుకునేవాడి నడుం విరుస్తాయి. 9 వేల సెట్టులో సగం మొదటి ఏడాది డ్రాయర్‌లోంచి బయటికి రాదు. ముందుగా కొనాల్సినవి 3/8 అంగుళం, అర అంగుళం డ్రైవ్ సాకెట్లు, 8 నుంచి 24 మిల్లీమీటర్ల పానాలు, అంగుళాల్లో ఒకటింపావు దాకా పానాలు, అర అంగుళం టార్క్ రెంచి, అలెన్ కీలు, సుత్తులు, పంచ్‌లు, ప్రై బార్లు, కళ్లకు రక్షణ అద్దాలు, స్టీల్ టో బూట్లు. ముప్పావు అంగుళం డ్రైవ్, ఒక అంగుళం డ్రైవ్ సామాను ఏ మంచి షాపైనా తనదే ఇస్తుంది. మామూలు బ్రాండ్లలో ఇదంతా 1,500 నుంచి 2,500 డాలర్లలో సర్దుకోవచ్చు. డబ్బు ఆదా చేయకూడని చోటు మల్టీమీటర్. మిన్-మ్యాక్స్ రికార్డు చేసేది, క్యాట్ 3 రేటింగ్ (మీటరు భద్రతా స్థాయి, క్యాటర్‌పిల్లర్ కాదు) ఉన్నది కొనండి. స్నాప్-ఆన్ లాంటి కంపెనీలు విద్యార్థులకు పెద్ద తగ్గింపు ఇస్తాయి, చదువు ముగిశాక అది దొరకదు. కాబట్టి ఆఖరి సెమిస్టర్‌లో, ఉద్యోగం ఎక్కడో తేలాక, నిజంగా ఏవి వాడుతున్నారో తెలిశాక, ఆ తగ్గింపు వాడుకోండి. కొన్న ప్రతిదాన్నీ ఫొటో తీసి ఉంచండి, దొంగతనం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగేది అదే.

ఎవరూ చెప్పని సబ్జెక్టు ఒకటుంది, రాయడం. ప్రతి పనికీ వర్క్ ఆర్డరులో కంప్లెయింట్, కాజ్, కరెక్షన్ అని మూడు ముక్కలు రాయాలి. "హోస్ మార్చాను, బాగైంది" అంటే వారంటీ క్లెయిము తిరిగొస్తుంది. "బూమ్ దగ్గర ఆయిల్ కారుతోందని ఆపరేటర్ చెప్పాడు, క్లాంపు వదులై హోస్ బ్రాకెట్టుకు రాసుకుని తెగింది, హోస్, క్లాంపు మార్చి, ప్రెషర్ పెట్టి పది నిమిషాలు నడిపి చూశాను, లీకు లేదు" అని రాస్తే డబ్బు వస్తుంది. ల్యాబు రికార్డులన్నీ ఈ పద్ధతిలో ఇంగ్లిష్‌లో రాస్తే కోర్సు ముగిసేలోగా చెయ్యి తిరుగుతుంది.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. పై సలహా గ్రీన్ కార్డు ఉన్న అబ్బాయికి. హెచ్-4 (హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసాల వాళ్ల కుటుంబానికిచ్చేది) మీద ఉన్న పిల్లలు ఈ కోర్సు చదవొచ్చు, కానీ జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయలేరు, 21 నిండితే ఆ హోదా కూడా ఉండదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అసోసియేట్ డిగ్రీ చేస్తే ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పని చేసే అనుమతి) 12 నెలలే. స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ వంటి సబ్జెక్టుల) పొడిగింపుకు బ్యాచిలర్స్ గానీ అంతకు పై డిగ్రీ గానీ ఉండాలి. ఒకేషనల్ కోర్సులకిచ్చే ఎం-1లో నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, మొత్తం ఆరు నెలలకు మించి శిక్షణ ఉండదు. హెచ్-1బీ బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు, టెక్నీషియన్ పని సాధారణంగా ఆ కిందికి రాదు. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి ఈ కోర్సు కోసం అప్పు చేసి రావాలనుకునేవాళ్లు ఏజెంటు మాట వినేముందు ఈ లెక్క చూసుకోవాలి.

మీరు చేయాల్సిన పనుల్లో ముందుది డిప్లొమా మార్కుల మూల్యాంకనం. పది తర్వాత నేరుగా పాలిటెక్నిక్‌కు వెళ్లినవాళ్లకు ఇంటర్ సర్టిఫికెట్ ఉండదు, హైస్కూలు ఎక్కడని కాలేజీ అడగొచ్చు. ఏ సంస్థ నివేదికను అంగీకరిస్తారో అడ్మిషన్ ఆఫీసులో కనుక్కుని, పది మార్కుల మెమో, డిప్లొమా రెండూ పంపండి. ఇండియా నుంచి మార్కులు రావడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు) నింపితే పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని సాయం) వచ్చే అవకాశముంది. ఏడాది దాటింది కాబట్టి టెక్సాస్ వాసుల ఫీజు కూడా అడగొచ్చు, అద్దె ఒప్పందం, పే స్టబ్బులు దగ్గర పెట్టుకోండి. డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే తీసుకోండి, స్పీడు టికెట్లు తెచ్చుకోకండి. రేపు ఫీల్డ్ టెక్నీషియన్ అయితే మీరు నడిపే సర్వీసు ట్రక్కు బరువు రేటింగ్ 26,000 పౌండ్లు దాటితే సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు) అడుగుతారు, అప్పుడు చూసేది ఆ పాత రికార్డునే.